పుట్టుమచ్చల రిజిస్టరు

మా అమ్మాయి పురిటికొచ్చి ఉంది. బాలింతకు మొదటి ముద్దలో వాము పొడి కలిపి పెట్టాలి కదా అని మొన్న పొద్దున్నే మూకుడు పెట్టి వాము వేయిస్తున్నాను. గింజలు చిటపటమని ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి నేను వంటింట్లో లేను. హైదరాబాదు తార్నాకలో, పాత ప్రభుత్వ కాగితాలు దాచే స్టేట్ ఆర్కైవ్స్, మా ఆఫీసు, దాని వెనక గదిలో, బీరువా లాంటి పెద్ద పెట్టె తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ పెట్టెను ఫ్యూమిగేషన్ ఛాంబర్ అనేవాళ్లం. లోపల తీగ వల అరలు. అడుగున నలభై వాట్ల బల్బు, దాని మీద గాజు గిన్నెలో థైమాల్. సీసా మీద పేరు అలా ఉన్నా, మా అటెండరు దాన్ని వాము పువ్వు అనే అనేవాడు. నాటుమందుల కొట్లో పొట్లం కట్టి ఇచ్చే వాము పువ్వు కూడా అదే. బూజు పట్టిన కాగితాలను ఆ అరల మీద విప్పి పరిచి, తలుపు బిగించి బల్బు వెలిగిస్తే, ఆ వేడికి వాము పువ్వు ఆవిరై కాగితాల సందుసందుకీ పాకి బూజును చంపేది. కొన్నాళ్లు అలా ఉంచి తలుపు తీసిన రోజున వరండా చివరిదాకా వాము వాసనే. నా చీరకు కూడా పట్టేది. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మా అత్తగారు "ఇవాళ మళ్లీ వాము పనేనా అమ్మాయ్, ముందు స్నానం చెయ్యి" అనేవారు.

కడుపునొప్పికి నోట్లో వేసుకునే గింజ మొగలాయీల నాటి కాగితాన్ని కాపాడుతుందని చెబితే ఆవిడ చాలా రోజులు నమ్మలేదు.

*

మాది వేటపాలెం. నేతపని ఇల్లు. గుంటమగ్గం చప్పుడుకు నిద్ర లేచి, ఆ చప్పుడుకే నిద్రపోయేదాన్ని. ఉన్నట్టుండి మగ్గం ఆగితే పోగు తెగిందనో, ఎవరో వచ్చారనో అర్థం. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్లు. నేను, అక్క కండెలు చుట్టేవాళ్లం. గంజి పెట్టిన నూలును నీడన ఆరబెట్టాలనీ, తడి పోగును లాగితే తెగుతుందనీ, వేలి కొసలతో సర్దాలనీ బడిలో అక్షరాల కంటే ముందే తెలుసు నాకు. ఆ తెలివి తర్వాత ఎక్కడ ఉపయోగపడుతుందో అప్పుడు ఎవరికి తెలుసు!

మా ఊరికి సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. మా నాన్నకు చదువు తక్కువ, చదువంటే గౌరవం ఎక్కువ. మగ్గానికి సెలవు దొరికిన రోజున ఉతికిన పంచె కట్టుకుని, గుడికి తీసుకెళ్లినట్టు నన్ను అక్కడికి తీసుకెళ్లేవాడు. పాత పత్రికల బైండ్లు దిండ్లంత లావుండేవి. ఒకసారి ఎవరో పెద్దాయన ఆంధ్రపత్రిక బైండు ముందేసుకుని గంటల తరబడి తిరగేస్తున్నాడు. ఏం చూస్తున్నావని నాన్న అడిగితే, తన కొడుకు పుట్టిన రోజున పెద్ద గాలివాన వచ్చిందనీ, ఆ గాలివాన తేదీ దొరికితే వాడి పుట్టినరోజు తేలుతుందనీ చెప్పాడు. దొరికిందో లేదో తెలియదు, మేము ముందే వచ్చేశాం. దారిలో నాన్న "చూశావా, పేపరు పొట్లాలకే కాదు, పుట్టినరోజుకీ పనికొస్తుంది" అన్నాడు.

మా నాయనమ్మది పేరాల. చీరాల పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు మోపితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఊరు ఖాళీ చేసి, బయట రామనగరమని పేరు పెట్టుకుని పాకల్లో కాపురమున్నారు. దాదాపు ఏడాది. మా పాఠ్యపుస్తకంలో అది రెండు ముక్కల్లో అయిపోయింది. నాయనమ్మ చెబితే మాత్రం రాత్రి చాలేది కాదు. వానకు పాక కారితే పొయ్యి ఎక్కడికి జరిపారో, ఎవరి పాకలో ఎవరికి కాన్పయిందో, నీళ్ల కావిడి ఎవరు మోశారో అన్నీ పేర్లతో చెప్పేది. ఆ పేర్లలో ఒక్కటీ పుస్తకంలో లేదు. నేను హిస్టరీ చదవడానికి కారణం అదేనని ఎవరడిగినా చెబుతాను.

*

మొదటి ఉద్యోగం దివిసీమలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా. పెంకుటిల్లు బడి. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే గంట. దాన్ని కొట్టే ఇనుప కడ్డీని అటెండరు తన గదిలో దాచుకునేవాడు, పిల్లలు ఊరికే కొడతారని. మ్యాపులు గుడ్డకు అంటించినవి, చుట్టి మూలన నిలబెట్టేవాళ్లం. ఎలుకలు కొరికి గుజరాత్ సగం పోయిన ఇండియా మ్యాపుతోనే చాలాకాలం నడిపాను.

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు పని చెప్పేదాన్ని. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడిగి రండి, మీ చిన్నప్పుడు కాలవ ఎక్కడిదాకా వచ్చేది, ఉప్పు ఎక్కడ కొనేవాళ్లు, బందరుకు ఎలా వెళ్లేవాళ్లు. మర్నాడు క్లాసు క్లాసంతా సంతే. ఒకడు పడవ అంటే ఇంకొకడు కాదు బండి అనేవాడు. ఆ గోల తగ్గాక ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల పాఠం మొదలుపెడితే ఇక చెప్పడానికి నాకు పెద్దగా మిగిలేది కాదు.

పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితాలు, నామినల్ రోల్స్ అంటారు, అవి వచ్చే రోజులంటే నాకు ఇష్టం. ప్రతి పిల్లకీ రెండు పుట్టుమచ్చలు వెతికి రాయాలి. మగపిల్లల సంగతి డ్రిల్లు మాస్టారు చూసుకునేవారు, ఆడపిల్లలది నాకు అప్పగించేవారు. వాళ్ల సిగ్గు, నవ్వులు, "టీచరుగారూ, నాకొక్కటే ఉందండీ" అంటూ కంగారు. రెండోది చెవి వెనకో మోచేతి మీదో దొరికేది. ఆ మచ్చలన్నీ ఇంగ్లీషులో, ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ చీక్ అని రిజిస్టర్లో ఎక్కించేవాళ్లం. ప్రభుత్వానికి మనిషి గుర్తు అంతే.

*

1977 నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చిన రోజు. దివిసీమలో ఉన్నవాళ్లెవరికీ ఆ తేదీ వేరే చెప్పక్కర్లేదు. మా బడి ఉన్న ఊరు సముద్రానికి కొంచెం లోపలికి. గాలికి పెంకులు లేచిపోయి, నడుము లోతు నీళ్లొచ్చాయి గానీ మేం బతికి బయటపడ్డాం. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలు బయటపడలేదు. మా బడికి నడిచొచ్చే పిల్లలు చాలామంది ఆ పల్లెల వాళ్లే. పోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా తేలారు.

నీళ్లు తీశాక బడికి వెళ్తే ఆఫీసు గదిలో బీరువా బోర్లా పడి ఉంది. అడ్మిషన్ రిజిస్టర్లు ఉప్పునీటి బురదలో నాని ముద్దయిపోయాయి. హెడ్మాస్టరుగారు వాటిని చేత్తో తడిమి చూసి "ఇవి పనికొస్తాయంటారా టీచరుగారూ" అన్నారు. నేను ఇంటికి పట్టుకెళ్తానన్నాను.

తడి నూలు ఎలా ఆరబెట్టాలో తెలిసినదాన్ని కదా. ఎండలో పెట్టలేదు. తడిగుడ్డతో బురద అద్ది, పేజీకీ పేజీకీ మధ్య పాత వార్తాపత్రిక పెట్టి, పొద్దునా సాయంత్రం ఆ పత్రికలు మార్చేదాన్ని. అతుక్కుపోయిన పేజీల మధ్యకు వెదురు పుల్ల చెక్కి దూర్చేదాన్ని. అప్పుడు ఒక సంగతి గమనించాను. రాయల్ బ్లూ సిరాతో రాసిన పేజీలన్నీ నీలం నీళ్లయిపోయాయి. అంతకు ముందున్న హెడ్మాస్టరుగారు బ్లూ బ్లాక్ సిరాతో తప్ప రిజిస్టరు ముట్టనిచ్చేవారు కాదట. ఆయన కాలం నాటి పేజీల్లో ఒక్క అక్షరం చెదరలేదు. ఆ సిరాలో ఇనుము ఉంటుందనీ, అది కాగితం నారను పట్టుకుని వదలదనీ తర్వాత చదువుకున్నాను. బాల్‌పెన్నుతో రాసినవీ నిలిచాయి. మా పిల్లల్లో చాలామంది పేర్లు అలా దక్కాయి.

సాయానికి పేర్లు రాసుకుంటున్న రోజులవి. ఒక పల్లె నుంచి చేపల వేట చేసే ఆయన వచ్చాడు. ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు. అరుగు దిగువనే నిలబడి, "టీచరుగారండీ, మా పిల్ల పేరు మీ పుస్తకంలో ఉందాండీ? ఇంట్లో చీటీ ముక్క మిగల్లేదు. ఫోటో ఎప్పుడూ తీయించలేదు" అన్నాడు. ఆ పేజీ ఇంకా ఆరలేదు. పళ్లెం మీద పెట్టి తెచ్చి చూపించాను. పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తరగతి వరసగా చదివాను. చివరి గడిలో ఉన్నది తెలుగు చేసి చెప్పాను, ఎడమ కనుబొమ మీద మచ్చ అని. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి "ఆ మచ్చ సంగతి ఇంకోసారి చదవండమ్మా" అన్నాడు. చదివాను. ఆ గడి మీద వేలు పెట్టవచ్చా అని అడిగాడు. తడి కాగితం, వేలు పెడితే చిరుగుతుందని నాకు తెలుసు. పెట్టమన్నాను.

ఆ పేజీ చిరగలేదు.

*

ఆ తర్వాత చాలా రోజులు నాకు ఇంకో ఉప్పెన మీదకే ధ్యాస పోయేది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారని చదువుకున్నాం. ఆ ముప్పైవేల మంది ఎవరు? వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా? వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లి, సీతాఫల్‌మండిలో మా పిన్ని ఇంట్లో దిగి, రోజూ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవడం మొదలుపెట్టాను. ఎర్రగుడ్డలో కట్టిన మూటలు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. బస్తాలనేవారు వాటిని. ముడి విప్పగానే పాత కాగితం, నాఫ్తలీన్ కలిసిన వాసన. పైన పంకా తిరుగుతుంటే కాగితాలు ఎగరకుండా వాటి మీద సీసపు బిళ్లలు.

కలెక్టరు కచేరీ ఉత్తరాల్లో అన్నీ ఉన్నాయి. కొట్టుకుపోయిన ఇళ్లు, ఉప్పు నిల్వలు, చచ్చిన పశువులు, చెడిన చెరువులు. మనుషులు మాత్రం అంకెలుగా ఉన్నారు. దానికంటే ముందు 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన గుంటూరు కరువు, జనం డొక్కల కరువని చెప్పుకునేది, అందులోనూ అంతే. ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని ఒక వాక్యం. ఒక్క పేరు లేదు.

అక్కడి పెద్ద ఆర్కైవిస్టుగారు రోజూ నన్ను గమనిస్తున్నారు కాబోలు, ఒకరోజు బల్ల దగ్గరకొచ్చి ఏం కావాలమ్మా అని అడిగారు. పేర్లు కావాలండీ అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "దొరల కాగితాల్లో పన్ను కట్టాల్సిన ఊరు కనిపిస్తుంది. మనిషి కనిపించాలంటే ఊరి లెక్కలు రాసే కరణం కాగితాల్లోకి పోవాలి. అవి ఇక్కడికి వచ్చినవి తక్కువ. వచ్చినవి చదవగలిగేవాళ్లు ఇంకా తక్కువ" అన్నారు. ఈ పనికి మనుషులు కావాలి, పరీక్ష పడుతుంది, రాయి అని కూడా చెప్పారు. రాశాను. పిల్లల్ని వదిలి రావడం తేలిక కాలేదు. వేపచెట్టు కింద నిలబెట్టి ఫోటో తీయించుకున్నాం, ఆ ఊళ్లో అప్పటికి అందరికీ ఫోటో విలువ తెలిసింది.

*

ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ట్రైనింగు ఏడాది. జనపథ్‌లో ఎర్రరాయి కట్టడం, చలికి వేళ్లు వంగేవి కావు. టిష్యూ కాగితం పెట్టి అసిటోన్‌లో ముంచిన దూదితో తుడుస్తూ పలచని పొరను పాత కాగితానికి అతికించడం, ఆమ్లం చేరి పులిసిన కాగితానికి సున్నపు తేట నీళ్లతో పులుపు విరిచెయ్యడం అక్కడ నేర్చుకున్నాను. అసిటోన్ వాసనకు తల తిరిగేది. మిగతాదంతా తార్నాకలోనే నేర్చుకున్నాను.

తార్నాకలో మా మరమ్మతు గదిలో పాతబస్తీ నుంచి వచ్చే ముసలాయన ఉండేవారు. తెల్లటి గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఆయన పొద్దున్నే మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, గుడ్డలో వడకట్టి జిగురు చేసేవారు. నేను గంజి కాచిన ఇంటి పిల్లనని తెలిశాక ఆ గిన్నె నా చేతికిచ్చారు. "పహలే పానీ పీనే దో బేటీ" అనేవారు. ముందు కాగితాన్ని నీళ్లు తాగనివ్వాలి, పొడి కాగితానికి అతుకు వేస్తే ఆరాక ముడుచుకుని పక్కన చిరుగుతుంది. ఎవరో ఎప్పుడో అంటించిన పాత అతుకులు ఊడదీయడానికి ఆయన ఒక పూటంతా తీసుకునేవారు. మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ, తడిగా ఉన్న కాగితం మీద కిటికీ రెక్క వాల్చి వెళ్లేవారు, ఎండ పడకుండా.

అక్కడ చేతికి తెలిసిన విషయం ఒకటి చెప్పాలి. షాజహాన్ కాలం నాటి కాగితం, పాత గుడ్డపేలికలతో చేసింది, వేలితో మీటితే ఇప్పటికీ చప్పుడు చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆఫీసు కాగితం, చెక్క గుజ్జుతో చేసింది, మడత దగ్గర పట్టుకుంటే పొడి రాలుతుంది. మూడున్నర వందల ఏళ్ల నాటిది నిలబడింది, నిన్న మొన్నటిది పోతోంది. మా పనిలో సగం నిన్న మొన్నటి కాగితాన్ని బతికించడమే.

మొగలాయీ కాగితాలు లక్షన్నర దాకా ఉన్నాయక్కడ. దక్కను సుబాకు రాజధానిగా ఉన్న ఔరంగాబాదు నుంచి నిజాముల దఫ్తరుకు చేరినవి. షికస్తా రాత, గబగబా రాసిన పారశీకం. దాన్ని చదవగలిగే మౌల్వీగారొకరు మా సెక్షన్లో ఉండేవారు. ఒక మధ్యాహ్నం నేను అతుకు వేసిన కాగితం ఒకటి ఆయన వెలుతురుకు పెట్టి చూస్తూ చదవడం మొదలుపెట్టారు. సిపాయి పేరు, తండ్రి పేరు, ఏ ఊరివాడు. గోధుమ రంగు ఒళ్లు. వెడల్పు నుదురు. చెంప మీద పుట్టుమచ్చ. తర్వాత వాడి గుర్రం రంగు, దాని తొడ మీద వేసిన వాత గుర్తు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏమైందమ్మా అన్నారాయన.

వాటిని అర్జ్-ఒ-చెహ్రాలంటారు. మన్సబుదారు, అంటే మొగలాయీల కొలువులో హోదా ఉన్న అధికారి, ఇంతమంది రౌతుల్ని పోషిస్తానని జీతం తీసుకుని, తనిఖీ రోజున ఎవరినో అరువు తెచ్చి నిలబెట్టేవాడు. ఆ మోసం ఆపడానికి మనిషి ముఖాన్నీ గుర్రం వాతనూ కాగితం మీద పెట్టేవారు. అదీ సర్కారు తన డబ్బు కోసం చేసిన పనే. కానీ దాని పుణ్యమా అని ఏ కావ్యంలోనూ లేని, ఏ శాసనంలోనూ ఎక్కని మామూలు సిపాయి, తన మచ్చతో సహా ఆ కాగితంలో ఉన్నాడు. మౌల్వీగారికి మా బడి రిజిస్టరు సంగతంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆ రోజు ఇంకో పది చెహ్రాలు వరసగా నాకు చదివి వినిపించారు.

*

రీడింగ్ రూముకు రిసెర్చి స్కాలర్లు వచ్చేవారు, అలీగఢ్ నుంచి, విదేశాల నుంచి. వాళ్లు వచ్చారంటే మాకు గౌరవమే. కానీ నాకు గుర్తున్నవాళ్లు వేరు. ఇనాం భూమి హక్కు తేల్చిన పత్రం, ముంతఖబు అంటారు, దాని నకలు కోసం వచ్చేవాళ్లు, తాతల నాటి ఉర్దూ కాగితం ముక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, చెప్పులు బయట వదిలి మరీ లోపలికి వచ్చేవారు. ఆ కాగితం మీద ఏముందో వాళ్లకు తెలియదు, అది పోతే భూమి పోతుందని మాత్రం తెలుసు.

సమరయోధుల పెన్షన్ 1972లో వచ్చింది. జైల్లో ఉన్నట్టు రుజువు కావాలి. దానికోసం ముసలివాళ్లు వస్తూనే ఉండేవారు. నల్లగొండ వైపు నుంచి ఒకాయన వచ్చాడు, నిజాం కాలంలో చంచల్‌గూడలో ఉన్నాడట. పేరు దొరకలేదు. ఉర్దూలో రాసిన గుమస్తా తెలుగు ఇంటిపేరును తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకుని ఉంటాడు. పేరు వదిలేసి ఊరి పేరు పట్టుకుని వెతికితే దొరికింది. నకలు తీసి ముద్ర వేయిస్తానంటే ఆగమన్నాడు. "అదే పేజీల ఇంక ఎవలెవలున్నరో చదువు బిడ్డా" అన్నాడు. చదువుతూ పోయాను. ఒక్కో పేరుకీ ఆయన, వీడు కొట్టుడుకు సచ్చిండు, వీనికి మంచి పాట వచ్చు, వీని ఊరు మా అత్తగారి ఊరు అని చెబుతూ పోయాడు. నేను పెన్సిలుతో వేరే కాగితం మీద రాసుకున్నాను. రికార్డులో లేనిది ఆ రోజు నా దగ్గర మిగిలింది.

అన్నీ ఇలా జరగలేదు. ఒక జిల్లా ఆఫీసు వాళ్లు, గది ఖాళీ కావాలని, మాకు కబురు కూడా చేయకుండా వందేళ్ల నాటి దస్త్రాలు తూకానికి అమ్మేశారు. తెలిసి పరిగెత్తుకుని వెళ్లేసరికి కొట్టు ముందు తక్కెడ మీద ఇంకా కొన్ని ఉన్నాయి. మా జీపులో పట్టినన్ని మేమే కొనుక్కొచ్చాం. మిగతావి ఏమయ్యాయో తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. చట్టం ఉంది, జీవోలు ఉన్నాయి, తాళం ఉన్న మనిషికి పట్టకపోతే అవన్నీ ఎందుకు?

*

1984 జనవరిలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థ రద్దు చేసింది. దాని మంచిచెడ్డల జోలికి పోను. మాకు మాత్రం ఒక్కసారిగా ఊరూరా భోషాణాల మీద దిగులు పట్టుకుంది. సర్కారుకు అప్పగించాల్సినవి అప్పగించాక, తాత ముత్తాతల నాటి పాత లెక్కలు కరణాల ఇళ్లలోనే మిగిలాయి. చెదలు తింటున్నవి కొన్ని, నీళ్లకాగు కిందకు పోతున్నవి కొన్ని. నేను కృష్ణా జిల్లాకు టూర్ వేయించుకున్నాను.

దివి వైపు ఒక పాత కరణంగారింట్లో అటక మీద నుంచి ట్రంకు పెట్టె దించారు. భూమి, శిస్తు లెక్కలు రాసే అడంగళ్లు, చిట్టాలు, వాటి కింద బాగా పాతవి, చేతితో కుట్టిన దస్త్రాలు. అన్నీ గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే రాత. తలకట్టు, గుడి, ఒత్తు ఎక్కడ మొదలై ఎక్కడ పోతాయో తెలియదు. ఎంఏ హిస్టరీ చదివిన తెలుగు మనిషిని, తెలుగు కాగితం ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. కరణంగారు నవ్వలేదు. "అక్షరం చూడకమ్మా, చెయ్యి ఎటు పోయిందో చూడు" అన్నారు. అరుగు మీద కూర్చోబెట్టి, ఇసుక పోసి, పిల్లలకు దిద్దించినట్టు నాతో దిద్దించారు. ఫసలీకి, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని, రాబడి ఎక్కడ రాస్తారు, వీసాలు, అంటే పదహారో వంతులు, ఎలా గుర్తుపడతారు, అన్నీ నేర్పారు. సెలవు పెట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లాను. కరణంగారి భార్య నేను వెళ్లే వేళకు ఉలవచారు కాచి ఉంచేవారు.

ఆ పెట్టెలో ఫసలీ 1274 దస్త్రం దొరికింది. అంటే 1864-65. రైతుల పేర్లు వరసగా ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన, శిస్తు రాయాల్సిన చోట, కరణంగారి ముత్తాత చేతిరాత: ఉప్పెనలో పోయినాడు. కింద ఇంకొకటి, ఉప్పెనలో పోయినాడు, భార్య కలదు. ఇంకొకటి, ఇంటిల్లిపాదీ లేరు. నేను గట్టిగా చదువుతుంటే కరణంగారు కొన్ని ఇంటిపేర్ల దగ్గర ఆపి, వీళ్ల వాళ్లు ఇంకా ఉన్నారు, చెరువు గట్టున ఇల్లు, వీళ్లు మాత్రం ఎవరూ లేరు అని చెప్పారు. పేర్లన్నీ కలిపినా నలభైకి మించలేదు. ముప్పైవేలలో నలభై. చీకటి పడేదాకా రాసుకున్నాను, ఆ రాత్రే కార్బన్ పెట్టి ఇంకో ప్రతి తీసి, ఒకటి కరణంగారికి ఇచ్చాను. అసలు దస్త్రాన్ని ఆయన గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టి "తార్నాక పట్టుకుపో, ఇక్కడ నా తర్వాత దీన్ని చదివేవాళ్లు లేరు" అన్నారు.

*

రిటైరై చాలాకాలమైంది. మరమ్మతు గదిలో ముసలాయన, మౌల్వీగారు, కరణంగారు ఎవరూ లేరు. ఇంటికి ఎవరొచ్చినా పాత కాగితాల సంగతి నా చేత చెప్పించుకోకుండా వెళ్లరు. చిరిగిన దస్తావేజుకు సెల్లోటేపు అంటించకండి, కొన్నాళ్లకు ఆ జిగురు పచ్చగా మారి అక్షరాన్ని తినేస్తుంది. జిరాక్స్ కొట్టు దగ్గర ప్లాస్టిక్ లామినేషన్ చేయించకండి, ఒకసారి వేడికి అతుక్కుంటే మళ్లీ తీసే దారి లేదు. గుండుసూదులు తీసేయండి, తుప్పు పడుతుంది. మడత పెట్టకుండా శుభ్రమైన తెల్ల కాగితంలో చుట్టి, గోడకు తగలకుండా గాలి ఆడే చోట పెట్టండి. ఫోన్లో ఫోటో తీసుకోండి, కానీ ఫోటో తీశాం కదా అని అసలు దాన్ని పారేయకండి.

ఆదివారాలు మా ఇంట్లో గొలుసుకట్టు క్లాసు. పిలవకుండానే మొదలైంది. రెవెన్యూలో కొత్తగా చేరిన కుర్రాడు, పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తన తాతగారి దస్త్రాలు చదువుకోవాలని వచ్చే ఇంకొకాయన. ఫోన్లో ఫోటోను వేళ్లతో పెద్దది చేసుకుని చదువుతారు. నాకు చత్వారం, ఆ పెద్దది చేయడం నాకూ బాగుంది. ఇసుక బదులు పలక తెప్పించాను. చెయ్యి ఎటు పోయిందో చూడమని నేనూ అదే చెబుతాను.

పోయిన వారం ఒక పేరు పక్కన ఉన్న మాట దగ్గర ఆగిపోయారు. రెవెన్యూ కుర్రాడు అది పుల్లరి అంటాడు, పశువులు మేపుకున్నందుకు కట్టిన పన్ను. పీహెచ్‌డీ అమ్మాయి కాదు పల్లం, అది వరి పొలం అంటుంది. ఆ రైతుకు పొలం ఉందో, పశువులే ఉన్నాయో దాన్ని బట్టి తేలాలి. ఇద్దరూ పలక లాక్కుని రాసి చూపించుకున్నారు, గొంతులు లేచాయి, లోపల పసివాడు లేచి ఏడ్చాడు. పక్క పేజీలో ఆ రైతు కట్టిన మొత్తం ఉంటుంది, కూడి చూస్తే తెలుస్తుందన్నాను. ఆ పేజీ ఫోటో సరిగ్గా రాలేదు. ఆ అమ్మాయి ఈ వారం అవనిగడ్డ వెళ్లి మళ్లీ తీసుకొస్తానంది.